చారు అడగలేదు

ఎన్నేళ్ళుగానో ఒక్క మాటను మింగి తిరుగుతున్నాను. అది నాది కూడా కాదు. మూర్తన్నయ్యది.

డబ్లిన్‌లో మనవాళ్ళు ఎక్కడ కలిసినా కోతలు కోసేది నేనే. లిఫీ నదిలో పులస పట్టానంటే, పులుసు ఎలా కుదిరిందని అడిగినవాళ్ళున్నారు. ఒకే ఆఫీసులో పనిచేస్తూ అన్నయ్యా అని పిలుచుకున్న మూర్తిగారిని, క్యాన్సర్ ముదిరాక, చివరి రోజుల్లో చూసుకునే హాస్పిస్‌లో చేర్చినప్పుడు వదిన నన్నే పిలిచింది. "కాస్త నవ్వించవయ్యా" అంది. అక్కడి నర్సు మాత్రం గుమ్మంలోనే చెప్పింది, మీరేమీ చెప్పక్కర్లేదు, ఆయన చెప్పేది వినండి చాలు అని. వినడం! నాకు చేతకానిది అదొక్కటే.

ఆ మధ్యాహ్నం వదిన టీ తాగడానికి కిందికి వెళ్ళింది. నేను పులస కథ ఎత్తుకున్నాను. అన్నయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"కథలొద్దురా. భయంగా ఉంది. ఇంక నే వెళ్తాను. మీ వదినకి నువ్వే చెప్పు, నా నోట రావట్లేదు. నా పక్కనే ఉండమను."

నేనేం చేశాను? నవ్వాను.

"వెళ్తాననకూడదన్నయ్యా, వెళ్ళొస్తాననాలి. ఏదీ, అను!"

ఆయన నా చెయ్యి వదిలేశాడు. తర్వాత, బడిలో పిల్లాడిలా, "వెళ్ళొస్తాను" అన్నాడు.

వదిన వచ్చింది. "ఏవంటున్నారయ్యా?"

"ఇంటికి వెళ్ళొస్తాడట వదినా. ముందు నీ చేతి చారు కావాలట."

చారు ఎక్కణ్ణుంచి వచ్చింది? నా నోటికి అలవాటు. ఆమె మొహం వెలిగింది. ఆ వెలుగు కోసమే అన్నానా, లేక ఆ ఇద్దరూ పట్టుకుని ఏడుస్తుంటే నిలబడి చూసే ధైర్యం లేక, ఆమెను అక్కణ్ణుంచి పంపేయడానికే అన్నానా? అన్నయ్య కాదనలేదు. కళ్ళు మూసుకున్నాడు. ఆమె చారు పెట్టడానికి బస్సెక్కింది.

గిన్నె తువ్వాల్లో చుట్టుకుని తిరిగొచ్చేసరికి ఆయన లేడు. పక్కన నేనున్నాను.

ఏటా తద్దినానికి వదిన చారు పెడుతుంది. "అడిగి మరీ, తాగకుండా పోయారు" అని మొదటి గరిటె నాకే వడ్డిస్తుంది. తాగుతాను. బాగుందంటాను.

ఆయన చారు అడగలేదు. ఆమెను అడిగాడు.

ఈ మాట ఆమెకు చెప్పలేను. మీకు చెప్పాను. ఇందులో కోత లేదు.