రిబ్బన్ తెగని తెర

బడులకు వచ్చిన ప్రభుత్వ నిధులు మురిగిపోకుండా చూడటం నా పని. కొత్త పుస్తకాలకు తగ్గట్టు పాఠాల ప్రణాళిక వేయించాలి. గోడకు బిగించిన డిజిటల్ ప్యానెల్ వాడటం టీచర్లకు నేర్పాలి. నేర్పినట్టు ఫొటోలు అప్‌లోడ్ చేయాలి. ఇంజనీరింగ్ అయ్యాక నరసరావుపేటలో గది తీసుకుని, బైకు మీద పల్నాడంతా ఇదే పని మీద తిరుగుతున్నాను.

దుర్గి దాటాక ఒక హైస్కూలు ఉంది. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసిన రోజులవి. నెలాఖరులోగా రెండు రోజుల శిక్షణ జరగకపోతే ఆ డబ్బు వెనక్కి పోతుంది, మళ్లీ రాదు. అక్కడి సైన్సు టీచరమ్మ ముందే ఫోన్ చేశారు.

"పదో తరగతి పిల్లలు గుండె పాఠం ఇంగ్లీషులో బట్టీ పడుతున్నారు సార్. పరీక్షల్లోపు ఒక్కసారి కదిలే బొమ్మ చూపిస్తే చాలు. గోడ మీది ఆ పెట్టె ఎట్లా వాడాలో నాకు చెప్పండి."

వెళ్లేసరికి ప్యానెల్ మీద దుప్పటి కప్పి ఉంది. దాని మీద అడ్డంగా ఎర్ర రిబ్బన్, మూల పసుపు బొట్టు. నేను దుప్పటి అంచు పట్టుకోగానే హెడ్మాస్టరు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఓపెనింగ్ కాలేదు బాబూ."

"ఎప్పుడు సార్?"

"అదే తెలవదు. బడి కమిటీ చైర్మనమ్మ భర్త తానే కత్తిరించాలంటాడు. గదికి స్థలమిచ్చినాయన తన చేత్తోనే జరగాలంటాడు. ఒకరిని పిలిస్తే రెండో వర్గం పిల్లల్ని తీసుకుపోయి ప్రైవేటు బళ్లో వేస్తది. నాకెందుకొచ్చిన గొడవ?"

అలా మొదలు కాకుండా ఆగిన సామాను ఈ చుట్టుపక్కల చూడటం కొత్త కాదు. నేను ఒక మార్గం చెప్పాను. రిబ్బన్ ముట్టుకోం. దాని కింద నుంచి దుప్పటి పైకి ఎత్తుతాం. ఇది శిక్షణ, ప్రారంభం కాదు. ఆయన సరేనన్నారు.

తెర వెలిగింది. మధ్యలో రిబ్బన్ అలాగే ఉంది. స్విచ్చి ఎక్కడ, పెన్ను ఎలా, బొమ్మ పెద్దది చేయడం ఎలా అని వరసగా చెప్పాను. ఫొటోలు తీశాను. గుండె బొమ్మ తెరవడం రెండో రోజుకు పెట్టుకున్నాం. సైన్సు టీచరు అన్నీ రాసుకున్నారు.

సాయంత్రం చైర్మనమ్మ మరిది వచ్చాడు.

"ఏంది మాస్టారూ, మాకు చెప్పకుండానే ఓపెనింగ్ చేశారంట?"

"లేదయ్యా, ట్రైనింగే. రిబ్బన్ చూడు, తెగలా."

అతను వెలుగుతున్న తెర వైపు చూడలేదు. రిబ్బన్ ఈ చివర నుంచి ఆ చివరదాకా వేలితో తడిమాడు.

"తెగలేదులే. అయినా దుప్పటి ఎత్తినాక దాచేది ఏముంది? పెళ్లి కాకముందే కాపురం పెట్టినట్టుంది మీ యవ్వారం."

అతను వెళ్లిన కాసేపటికి స్థలమిచ్చినాయన వర్గం నుంచి ఫోన్ వచ్చింది. హెడ్మాస్టరు "అట్టాగేనండీ" అని రెండు మూడుసార్లు అని ఫోన్ పెట్టేశారు. దుప్పటి మళ్లీ కిందికి దించి, ప్యానెల్ కరెంటు వైరు పీకి బీరువాలో పెట్టి తాళం వేశారు.

"రేపు మీ ల్యాప్‌టాప్‌లోనే చెప్పుకోండి. ఏమనుకోబాకండి."

నేనేమీ అనుకోలేదు.

మర్నాడు ల్యాప్‌టాప్‌లోనే చెప్పాను. శిక్షణ పూర్తయినట్టు నమోదు చేశాను, నిధులు వెనక్కి పోలేదు. మిగతా టీచర్లు సంతకాలు పెట్టి బస్సుకు వెళ్లారు. సైన్సు టీచరు ఆగారు. దుప్పటి అంచు ఎత్తి, చీకటిగా ఉన్న గాజు ముందు నిలబడ్డారు.

"సార్, వైరు ఇచ్చినాక ముందు ఎక్కడ నొక్కాలి?"

"కింద ఎడమ మూల, మేడమ్."

ఆమె అక్కడ నొక్కారు.

"ఇప్పుడేమొస్తది?"

"పాఠాల వరస వస్తుంది. మూడోది తాకండి."

తాకారు. గాజు మీద వేలి ముద్ర పడింది.

"ఇప్పుడు?"

"గుండె వస్తుంది. రెండు వేళ్లు పెట్టి దూరం జరపండి, పెద్దదవుతుంది."

ఆమె రెండు వేళ్లు పెట్టి మెల్లగా దూరం జరిపారు. కొట్టుకునేది కనబడాలంటే ఏం చేయాలని అడిగారు. మధ్యలో ఒకసారి తాకితే చాలని చెప్పాను. తాకి, అక్కడే చూస్తూ కాసేపు నిలబడ్డారు.

పరీక్షల్లోపు రిబ్బన్ తెగుతుందా అని ఆమె అడగలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు. మరుసటి రోజు ఈపూరు బడికి వెళ్లాలి. ల్యాప్‌టాప్ సర్దుకుంటుంటే ఆమె ఇంకోసారి మొదటి నుంచి చెప్పమన్నారు. చెప్పాను.