మైకత్త గొంతులో మిగిలిన మాట

మైకత్తకు ఆ పేరు పెట్టిన పుణ్యాత్ములెవరో గానీ అబద్ధం ఆడలేదు. ఆవిడ వీధి ఈ చివర నిలబడి "పాలు పొంగుతున్నాయి" అంటే ఆ చివర ఇంట్లో ఎవరో పరుగున వెళ్ళి పొయ్యి కట్టేసేవారు. పెళ్ళయిన కొత్తలో భర్త ఒకసారి ధైర్యం చేసి, "కాస్త గొంతు తగ్గించవే, పక్కింటివాళ్ళు వింటారు" అన్నాడు. "వింటే విననీ, మంచి మాటలేగా" అని ఆవిడ ఇచ్చిన జవాబు పక్కింటివాళ్ళకే కాదు, మేడమీదివాళ్ళకూ వినిపించింది.

ఆ గొంతే ఆవిడకు అన్నం పెట్టింది. వాళ్ళది బరువులు తరలించే ముఠా. క్రేను దూరని సందుల్లోంచి, లారీ తిరగని మలుపుల్లోంచి ఇనప్పెట్టెలూ బాయిలర్లూ రాతి గుమ్మాలూ మనుషుల చేతుల మీద బయటికి తేవడం వాళ్ళ పని. ముఠాలో అందరూ మోకు పట్టుకుని లాగుతారు. మైకత్త మోకు ముట్టుకోదు. బరువు పక్కన నిలబడి పిలుస్తుంది. ఆ పిలుపు మీద అందరి కాళ్ళూ ఒకేసారి నేలను తన్ని పట్టాలి, అందరి నడుములూ ఒకేసారి వెనక్కి వాలాలి. "ఈవిడేం చేస్తుంది?" అని ఎవరైనా అడిగితే భర్త జవాబు సిద్ధంగా ఉండేది. "అరుస్తుంది. ఇంట్లో చేసే పనే, ఇక్కడైతే కూలి ఇస్తారు."

ఆయన పని బరువు వెనక. ఏటవాలు మీద బరువు జానెడు పైకి కదలగానే దాని కిందికి అడ్డుచెక్క తోసి, మళ్ళీ వెనక్కి జారకుండా ఆపాలి. అంటే, జారితే ఆయన మీదికే జారుతుంది. పైన మోకు లాగేవాళ్ళకు ఆయన కనిపించడు, ఆయనకు వాళ్ళు కనిపించరు. మధ్యలో గోడవారన నిలబడిన మైకత్తకే అటూ ఇటూ కనిపిస్తుంది. అందుకే పిలుపు ఆవిడ చేతిలో ఉండేది. మొగుడి ప్రాణం తన నోట్లో పెట్టుకుని తిరుగుతున్నానని ఆవిడ నవ్వుతూనే అనేది గానీ, పని మొదలయ్యాక ఒక్కసారి కూడా నవ్వేది కాదు.

పాత రోజుల్లో ఆ పిలుపు ఒక పెద్ద పాట. ఎత్తే వస్తువును బట్టి అప్పటికప్పుడు కట్టేది. "లేవే ఇనప బొండమా, ఎండ చూద్దువు గాని లేవే" అని బీరువాను దెప్పేది. ముఠా అంతా "ఓ" అని బదులు పలికేది. తర్వాత పాతవాళ్ళు నడుములు పట్టేసి ఒక్కొక్కరే మానుకున్నారు. వాళ్ళ చోట ఎక్కడెక్కడి నుంచో కొత్తవాళ్ళు చేరారు. తలా ఒక భాష. పనికి సరిపడా నాలుగు ముక్కలు అందరికీ వచ్చు గానీ, మైకత్త పాటలో ఎక్కడ నవ్వాలో తెలియదు, ఎక్కడ లాగాలో అంతకన్నా తెలియదు. ఈ చిక్కు విప్పుకునేలోపే ఆవిడ గొంతులో గడ్డ లేచింది.

డాక్టరమ్మ గడ్డ తీసేసింది. ప్రాణానికి భయం లేదంది. పాటలూ కేకలూ మాత్రం ఇక కట్టిపెట్టాలనీ, మరీ అవసరమైతే పొట్టి మాట ఒకటీ అరా గట్టిగా అనవచ్చనీ చెప్పింది. మైకత్త తల ఊపి ఊరుకుంది. అంత మనిషి తల ఊపి ఊరుకోవడం చూడలేక భర్త ఆసుపత్రి వరండాలోకి వెళ్ళి, గోడవైపు తిరిగి ఏడ్చాడు.

ఇల్లు మూగబోయింది. ఇన్నేళ్ళూ గొంతు తగ్గించమని పోరిన మనిషి ఇప్పుడు ఊరికే కుర్చీలు జరిపేవాడు. వినేవాళ్ళు లేకపోయినా రేడియో పెట్టి వదిలేసేవాడు. అన్నానికి పిలవాలంటే ఆవిడ కంచం మీద గరిటెతో కొట్టేది. ఒక రోజు చేతికి గరిటె దొరకలేదు. మామూలుగా అయితే "రావయ్యా, చల్లారిపోతోంది" అనాలి. అంత పొడుగు మాట ఆ గొంతు దాటదు. నాలుకను పంటి వెనక ఒక్కసారి తాకించి, నోరు తెరిచి, "దా" అంది.

దా అంటే మనకు తెలిసిందే. చిన్నపిల్లల్నో, మరీ చనువున్నవాళ్ళనో పిలిచే మాట. భర్త గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"ఏమే, ఆపరేషన్లో మర్యాద కూడా తీసేశారా?" అన్నాడు.

ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వినా నొప్పి పుట్టలేదు. మళ్ళీ అంది, ఇంకాస్త గట్టిగా. వంటింటి గిన్నెలు కాస్త మోగినట్టే అనిపించింది. ఆయన అన్నం సగంలో చెయ్యి కడిగేసుకుని, అనమని అడిగి అడిగి అనిపించుకున్నాడు. ఆ పూట రేడియో పెట్టలేదు.

ఆ రోజుల్లోనే ముఠాకు పెద్ద పని తగిలింది. పాత అచ్చాఫీసు నేలమాళిగలోంచి అచ్చు యంత్రాన్ని వీధిలోకి తేవాలి. విప్పదగ్గవన్నీ విప్పేశారు. మిగిలింది ఒకే ముక్కగా పోతపోసిన ఇనప పీఠం. ఏనుగు పడుకున్నట్టు ఉంది. బయటికి ఒకటే దారి, చెక్కలు పరిచిన ఏటవాలు. పీఠం కింద ఇనప గొట్టాలు పెట్టి, గుమ్మం పైన దూలానికి కప్పీలు కట్టి, మోకు వీధిలోకి తీశారు.

ముఠా మేస్త్రీ వాళ్ళ కూతురే. పని మొదలుపెట్టేముందు పనిముట్ల గది తాళంచెవులు తెచ్చి తల్లి చేతిలో పెట్టింది.

"ఇకనుంచి ఇవి నువ్వు చూసుకో అమ్మా. పిలుపు సంగతి నేను విజిల్‌తో చూసుకుంటా."

ప్రేమతోనే అంది. మైకత్త తాళంచెవుల్ని కొంగుకు ముడేసుకుంది. పిలవని మైకత్త ఎవరికి కావాలి? ఇంకెవరి సంగతో దేనికి, ఆవిడకే అక్కర్లేదు. అయినా కూతురి ముందు మొహం ముడుచుకోవడం ఇష్టంలేక, నేలమాళిగలో గోడవారన పనిముట్ల పెట్టె మీద కూర్చుంది.

కూతురు విజిల్ ఊదింది. మోకు బిగిసింది, పీఠం కదిలింది, భర్త అడ్డుచెక్క తోశాడు. మళ్ళీ ఊదింది. బాగానే ఉంది. ఏటవాలు నిటారయ్యేచోటికి వచ్చేసరికి తేడా వచ్చింది. కొందరు విజిల్ మొదలవగానే లాగారు, కొందరు ఆగాక లాగారు. అందరూ ఊపిరి బిగబట్టి, పళ్ళు కరుచుకుని, ఎవరి బలం వాళ్ళు పెట్టారు. పీఠం పైకి వచ్చినట్టే వచ్చి వెనక్కి జారింది. అడ్డుచెక్క ఎగిరి గోడకు తగిలింది. ఇంకో చెక్క అందుకుని పీఠం కింద పడేసి ఆపేటప్పటికి భర్త బొటనవేలి గోరు నల్లబడింది.  మైకత్త అరవడానికి నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

కూతురు అందర్నీ ఆపి, కిందికి పరిగెత్తింది. 

"నాన్నా, ఎందుకు ఆలస్యం చేశావు?"

"ఆలస్యం కాదమ్మా. మీ అమ్మ పిలిచినప్పుడు ఓ అని బదులొచ్చేది. ఆ బదులు వింటే బరువు వాళ్ళ చేతుల్లో ఉందని నాకు తెలిసేది. అప్పుడు చెయ్యి లోపలికి పెట్టేవాణ్ణి. విజిల్ ఊదింది నువ్వని తెలుస్తోంది. పట్టుకుంది ఎవరో, పట్టుకోనిది ఎవరో నాకేం తెలుస్తుంది? విజిల్‌కు ఎవరూ బదులు పలకరు కదా."

కూతురు విజిల్ చేతిలో తిప్పుతూ నిలబడిపోయింది. మైకత్త పెట్టె మీంచి లేచింది.

"నేను పిలుస్తా" అంది. గుసగుస కన్నా కాస్త ఎక్కువ, అంతే.

"ఆ గొంతుతోనా అమ్మా?"

 మైకత్త నడుము మీద చేతులు పెట్టుకుని, వీధి వైపు తిరిగి, "దా" అంది. నేలమాళిగ ఆ మాటను పట్టుకుని గోడగోడకూ చూపించింది. పైన మోకు పట్టుకున్నవాళ్ళు ఒక్కసారి తలలు తిప్పారు.

ముందుగా మాట్లాడింది ఓడల్లో వంట చేసి వచ్చిన పొడుగాయన. "అత్తా, మా భాష నీకెప్పుడొచ్చింది? మా దాంట్లో దా అంటే అవును అని."

"అవునేమిటి, ఇవ్వు అని" అంది చేపల మార్కెట్లో గంపలు మోసి వచ్చిన అక్క. బస్సు నడిపి మానేసిన ఆయన, తన భాషలో దా అంటే అదిగో అక్కడ అన్నాడు. ఇంకొకావిడ కాస్త సిగ్గుపడుతూ, తమ ఇంట్లో ఆ మాటకు కొట్టు అని అర్థమని చెప్పింది. కవల అన్నదమ్ముల్లో రెండోవాడు మొదటివాడి భుజం మీద చెయ్యేసి, "మేం అన్నయ్యను పిలిచేది ఇలాగే" అన్నాడు. వెల్డరు మాత్రం నీళ్ళు నమిలాడు. వాళ్ళ భాషలో అసలు ఆ మాటే లేదట.

"అయితే నీకు లాగమని" అంది మైకత్త.

కూతురు తల పట్టుకుంది. "అమ్మా, ఒకరికి అవును, ఒకరికి ఇవ్వు, ఒకరికి కొట్టు. ఇన్ని అర్థాలతో ఒక్క పని ఎలా అవుతుంది? కొంపదీసి ఆవిడ నిజంగానే కొడితే?"

మైకత్త కూతురిని దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది. "పరాయి మాట చెవిన పడితే మనిషి ముందు ఆలోచిస్తాడే. ఇంటి మాటకు ఆలోచించడు, కాలు ముందు కదులుతుంది. ఎవరికేం వినిపిస్తే అదే విననీ. నేను దా అన్నాక వాళ్ళూ దా అని బదులు పలకాలి, అంతే. మీ నాన్నకు ఆ బదులు చాలు."

కూతురు తండ్రి వైపు చూసింది. ఆయన అప్పటికే నల్లబడిన వేలికి గుడ్డ చుట్టుకుని, పీఠం వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇంక అడగడానికి ఏముంది? మేస్త్రీ విజిల్ జేబులో వేసుకుని, వెళ్ళి తనూ మోకు పట్టుకుంది.

మైకత్త పీఠం మీద అరచెయ్యి ఆనించింది. చల్లగా ఉంది. కింద భర్త, పైన ముఠా, అందరూ కనిపించారు. తన చోటు అదే. ఇన్నాళ్ళ తర్వాత ఆ చోట నిలబడగానే ఒళ్ళు పులకరించింది.

"దా."

"దా!" అని పైనుంచి గుంపుగా బదులొచ్చింది. ఒక్కొక్కరు ఒక్కో తీరున పలికారు. పొడుగాయన బల్ల గుద్ది ఒప్పుకున్నట్టు పలికాడు. చేపల అక్క బాకీ వసూలు చేస్తున్నట్టు అడిగింది. కొట్టమనే ఆవిడ పలికిన తీరుకు పీఠమే భయపడాలి. రాగాలు వేరు గానీ పలికింది ఒకేసారి, పలుకుతూ అందరూ ఊపిరి ఒకేసారి వదిలారు. మోకు బిగిసి మూలిగింది, పీఠం జానెడు లేచింది, అడ్డుచెక్క ఠక్కున కిందికి దూరింది.

మళ్ళీ పిలిచింది. మళ్ళీ బదులు. జారిన చోటు దాటేసరికి ముఠాకు ఉత్సాహం ఉరకలేసింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూడడం మొదలుపెట్టారు. ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి.

గుమ్మం అంచు దగ్గర పీఠం ఆగింది. చెక్కలు అయిపోయి రాతి గడప మొదలయ్యే చోటు, అన్నిటికన్నా కష్టమైనది. మోకు బిగిసి ఉంది.  మైకత్త నోరు తెరిచింది. మాట రాలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. గొంతు ఎండిపోయి, గాలి మాత్రమే వచ్చింది. పైన తలలు వంచుకుని ఎదురు చూస్తున్నవాళ్ళకు ఆ సంగతి తెలియదు. ఆవిడ భయంతో భర్త వైపు చూసింది.

ఆయన ఆవిడ మొహం చూశాడు, తెరిచిన నోరు చూశాడు. చెక్క గట్టిగా ఉందో లేదో ఒకసారి అరచేత్తో తట్టి చూసుకున్నాడు. ఇన్నేళ్ళ పనిలో బరువు వెనక నుంచి ఒక్క ముక్క మాట్లాడని మనిషి, మెడ పైకెత్తి, "దా!" అని పెడబొబ్బ పెట్టాడు.

పైన ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అడుగునుంచి పిలుపు రావడం వాళ్ళెప్పుడూ ఎరగరు. ఆ క్షణం దాటగానే వాళ్ళిచ్చిన బదులుకు దూలం మీది దుమ్ము రాలింది. పీఠం ముక్కు గడప మీదికి ఎక్కింది. ఆయన మళ్ళీ పిలిచాడు. పీఠం సగం బయటికొచ్చింది. మైకత్త ఆలోపు గుటకేసి, గొంతు సర్దుకుని, కళ్ళలోంచి నీళ్ళు కారుతుండగానే ఆఖరి పిలుపు తను పిలిచింది. ఆ పిలుపు ఎవరికీ వదలదలుచుకోలేదు.

పీఠం వీధిలో, పట్టపగటి వెలుగులో నిలబడింది. ముఠా మోకు వదిలేసి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. కవలలు చేపల అక్కను ఎత్తబోయి, తామే ఆవిడ చేతుల్లో తేలారు. పొడుగాయన మైకత్తను భుజాల మీద కూర్చోబెట్టుకుంటానని ఒకటే గొడవ. కిటికీల్లోంచి చప్పట్లు వినిపించాయి. వెల్డరు అందరినీ వరసగా దా, దా అని పలకరిస్తూ తిరిగాడు. ఇప్పుడు ఆ మాట వాళ్ళ భాషలో కూడా ఉందని చెప్పుకున్నాడు.

కూతురు చెమట తుడుచుకుంటూ వచ్చి చెయ్యి చాచింది. "ఆ తాళాలు ఇటివ్వమ్మా. ఆ గదికి ఇంకెవరినైనా చూసుకుంటా."

మైకత్త ఇచ్చేసింది. ఇచ్చి, జనాన్ని తప్పించుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళింది. భర్త ఇంకా కిందే, అడ్డుచెక్కలు ఏరుకుంటున్నాడు. ఆవిడ వంగి, ఇంట్లో పిలిచినట్టే మెల్లగా, "దా" అంది.

ఆయన చెక్కలు చంకన పెట్టుకుని, ఏటవాలు ఎక్కి ఎండలోకి వచ్చాడు. కళ్ళు చికిలించి ఒకసారి పీఠాన్నీ, ఒకసారి భార్యనూ చూశాడు. మొహం వెలిగిపోతోంది.

"ఏమే, ఇందాక నేను పిలిచింది ఎలా ఉంది?"

మైకత్త ఆయన చెవి దగ్గరికి నోరు చేర్చి, మిగిలిన గొంతంతా కూడగట్టుకుని చెప్పింది.

"కాస్త గొంతు తగ్గించవయ్యా, పక్కింటివాళ్ళు వింటారు."