కుర్చీ ఉద్యోగానికి నిచ్చెన

చెల్లెలి దినాలకు వచ్చినవాళ్లందరూ ఒకే మాట అన్నారు, ఆ కాలు సరిగ్గా ఉండుంటే ఎక్కడికో పోయేదని. వచ్చినవాళ్లతో వాదించడం బాగుండదని ఊరుకున్నాను. ఇప్పుడు చెప్తున్నాను. అడ్డమొచ్చింది కాలు కాదు.

పోలియో వల్ల ఆమె ఎడమ కాలు చిన్నప్పుడే సన్నబడింది. కాలికి ఇనుప పట్టీల క్యాలిపర్ వేసుకుని నడిచేది. మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీ ప్యాకింగ్ షెడ్డులో పదేళ్లు పనిచేసింది. విదేశాలకు పోయే పలకలను పెట్టెల్లో నిలబెట్టి పేర్చాలి. పడుకోబెడితే పై బరువుకు కింది వరస పగులుతుంది. ఓడ ఊగుతుంది కాబట్టి పెట్టెకూ పెట్టెకూ మధ్య ఖాళీ ఉండకూడదు. ఇదంతా సముద్రం చూడకముందే నేర్చుకుంది. ఓడల్లో సరుకు పేర్చడం గురించి దొరికిన ప్రతి పుస్తకమూ చదివింది.

జిల్లాలు మళ్లీ విడదీసిన ఏడాది ఒక పోర్టు ఆఫీసులో ఉద్యోగాలు పడ్డాయి. ఏ కంటైనర్ ఓడలో ఎక్కడుండాలో కంప్యూటర్ మీద ప్లాన్ వేసే పని. పొద్దస్తమానం కుర్చీలోనే. చెల్లెలు పరీక్ష రాసింది, మంచి మార్కులతో పాసయింది. మెడికల్‌కు నేను తోడు వెళ్లాను.

అక్కడ ఇచ్చింది ఓడల మీద పనిచేసేవాళ్ల ఫారం. ఆఫీసు పనికి వేరే ఫారం లేదట. పరీక్ష చేసే ఆయన బయట గోడకున్న ఇనుప నిచ్చెన చూపించి ఎక్కమన్నాడు.

"నా సీటు మేడ మీద ఉంటదా సార్?" అని అడిగింది చెల్లెలు.

"కిందేనమ్మా."

"మరి నిచ్చెన ఏంటికి?"

"ఫారంలో ఉంది." పక్కవాళ్ల వైపు చూసి నవ్వాడు. "రేపు ఓడ మునిగితే ఈదగలవా మరి?"

"ఆఫీసు ఎట్ల మునుగుతది సార్?"

ఆయన మళ్లీ నిచ్చెన వైపే చేయి చూపించాడు. ఆమె చేతుల బలంతో నాలుగు మెట్లు ఎక్కింది. ఐదో మెట్టు దగ్గర క్యాలిపర్ ఇరుక్కుంది. నేనే పట్టుకుని దించాను. ఫారం మీద అన్‌ఫిట్ అని రాశారు. ఏ పనికో రాయలేదు. రెండు అర్జీలు పెట్టాం. అంతా నిబంధనల ప్రకారమే జరిగిందని రెండింటికీ ఒకే జవాబు వచ్చింది.

రెండేళ్ల తర్వాత ఒక సాయంత్రం ఆమెను ఇంటికి తీసుకురావడానికి ఫ్యాక్టరీకి వెళ్లాను. అదే పోర్టు నుంచి ఫోన్ వచ్చింది. ఈ ఫ్యాక్టరీ నుంచి వెళ్లిన పలకల లోడు దారిలో ఒరిగిందట, మళ్లీ ఎలా పేర్చాలో అక్కడ ఎవరికీ తెలియడం లేదట. ఓనరు ఫోన్ తెచ్చి చెల్లెలికిచ్చాడు. ఆమె స్పీకర్ పెట్టి, ఒక్కో వరసా విడమరిచి చెప్పింది. అవతలాయన చాలా మర్యాదగా, ఇదివరకు ఏ పోర్టులో చేశారు మేడమ్ అని అడిగాడు.

"ఏ పోర్టులోనూ చెయ్యలేదు సార్. మీ పోర్టుకు నేను అన్‌ఫిట్."

ఆయనకు అర్థం కాలేదు. మళ్లీ అడిగాడు.

"ఏం లేదులే సార్. కింది వరసకు చెక్క దన్ను పెట్టేది మరవొద్దు."

ఆయన ఆ తర్వాత ఇంకో రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లూ ఓపిగ్గా చెప్పింది. పోయిన వేసవిలో జ్వరంతో చనిపోయింది.

పోయిన నెల ఆ పోర్టు మళ్లీ ప్రకటన వేసింది. అదే కుర్చీ పని. చివరి పేజీ దాకా చదివాను. నిచ్చెన ఎక్కగలగాలి అన్న లైను అలాగే ఉంది.