చిట్టి గొంతు, మా కోడలి పంతం

మా కోడలి వృత్తి ఏడవడం. నవ్వకండి. సినిమాల్లో పిల్లల ఏడుపులు చాలామటుకు దానివే. తెరమీద పిల్ల పెదవి కదుపుతుంది, డబ్బింగ్ గదిలో మైకు ముందు నిలబడి మా కోడలు గొంతిస్తుంది. జుట్టు నెరిసినా గొంతు మాత్రం పాలపళ్లు ఊడని పిల్లది. నేను నాలుగో తరగతి దాటలేదు గానీ, పనిమంతురాలిని చూస్తే పోల్చుకోగలను. అలాంటిది మీ ఇళ్లల్లో లేదు.

ఆ గదికో పద్ధతి ఉంది. తలుపు మీద ఎర్ర లైటు వెలిగిందంటే లోపల రికార్డింగు. అది ఆరేదాకా దేవుడొచ్చినా తలుపు తీయరు. నా మనవరాలు చిట్టి ఆ తలుపు బయట బెంచీ మీదే పెరిగింది. "నాన్నమ్మా, లైటు ఆరిందా? లైటు ఆరిందా?" అని నా ప్రాణం తోడేసేది.

దానికి ఉబ్బసం. ఒకరోజు ఊపిరందక ఆసుపత్రిలో చేర్చాను. నా కొడుకు ఊళ్లో లేడు. స్టూడియోకి ఫోన్ చేస్తే అసిస్టెంటు డైరెక్టరు ఎత్తాడు.

"బాబూ, ఆసుపత్రిలో ఉన్నాం, పిల్లకి ఊపిరందడం లేదు, 'లైటు ఆరిందా' అని అడుగుతోంది. మా కోడల్ని ఉన్నపళంగా పంపించు" అన్నాను.

"అలాగే పెద్దమ్మగారూ" అన్నాడు, తేనె పూసిన గొంతుతో.

రీలు మొత్తం అయ్యాక గానీ కోడలికి కబురందలేదు. అది వచ్చేసరికి పిల్ల లేదు.

అంతటితో ఊరుకున్నాడా? నా కొడుకు నిలదీస్తే, "నేను వెంటనే చెప్పాను సార్, రీలయ్యాక వెళతానన్నది ఆవిడే" అన్నాడు. కోడలు కాదని మొత్తుకుంది. నా కొడుకు నమ్మలేదు. చుట్టాలందరి ముందూ "కన్నకూతురికన్నా ఆ దొంగ ఏడుపులే ఎక్కువయ్యాయా నీకు?" అని ఇల్లొదిలిపోయాడు. నేను కోడలి దగ్గరే ఉండిపోయాను. అబద్ధమాడే నోరు కాదది. కానీ రుజువేదీ?

ఆ అసిస్టెంటు ఇప్పుడు పెద్ద డైరెక్టరు. దెయ్యం సినిమా తీశాడు. తండ్రి అశ్రద్ధకి కూతురు చచ్చిపోతుందట, తిరిగొచ్చి తలుపు కొడుతుందట, వాడు కుమిలిపోతాడట. కుమిలిపోవడం గురించి వీడు చెప్పాలి! ఆ పిల్లకి మా కోడలి గొంతే కావాలని నిర్మాత పట్టుబట్టాడు.

"ఒప్పుకుంటావుటే?" అన్నాను.

"ఒప్పుకుంటాను అత్తయ్యా. వాడు నా ఎదురుగా కూర్చుని వినాలి. మీరూ రండి."

వెళ్లాను. అద్దానికి అవతల కోడలు, ఇవతల డైరెక్టరు, సౌండ్ ఇంజినీరు, నేను. డైరెక్టరు నన్ను గుర్తుపట్టి, "బాగున్నారా పెద్దమ్మగారూ?" అన్నాడు.

"నీ దయవల్ల ఇంకా చావలేదు" అన్నాను.

లైటు వెలిగింది. కోడలు "నాన్నా, తలుపు తియ్యి" అంది. ఇంజినీరు వెనక్కి తిప్పి వినిపించాడు. ఆ మాట అయ్యాక చిన్న దగ్గు, ఆ వెంటనే పిల్లగొంతు: "లైటు ఆరిందా?"

"ఆ మాట స్క్రిప్టులో లేదే! ఎవరన్నారు?" అన్నాడు డైరెక్టరు.

"ఆవిడ నోరు కదపలేదు సార్, నేను చూస్తూనే ఉన్నాను" అన్నాడు ఇంజినీరు. నేనూ చూశాను. అది మా చిట్టి దగ్గు. ఒడిలో పెట్టుకుని ఎన్ని రాత్రులు విన్నానని!

అది చెరిపేసి మళ్లీ తీశారు. మళ్లీ అదే మాట. ఇంకోసారి తీస్తుంటే ఈసారి టేపు తిప్పకుండానే, డైరెక్టరు పెట్టుకున్న హెడ్‌ఫోన్లలోనే వినబడిందట. అవి లాగి విసిరికొట్టి, ఎర్ర లైటు వెలుగుతుండగానే తలుపు తోసుకుని మైకు ముందుకి ఉరికాడు.

"ఆపు! ఆ రోజు మీ అత్తగారు ఫోన్‌లో చెప్పిన మాట ఇదే! చెబితే రీలు వదిలేసి పోతావని నీకు చెప్పలేదు, సరేనా? మీ ఆయనతో అబద్ధమాడాను! దాన్ని ఆపమను!"

"ఇంకాస్త మైకు దగ్గరగా చెప్పండి సార్" అంది మా కోడలు.

ఇంజినీరు రికార్డింగు ఆపలేదు. అడక్కుండానే నా ఫోన్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. అతనూ ఆడపిల్లల తండ్రే.

వేరే గొంతు పెట్టుకుందామని డైరెక్టరు నిర్మాత కాళ్లు పట్టుకున్నాడు. నిర్మాత వినలేదు. కోడలు మిగతా సినిమా అంతా పూర్తి చేసింది, ఒక్క మాట తప్పకుండా. ఎడిటింగులో, మిక్సింగులో, విడుదల రోజు హాల్లో, వాడికి ఆ గొంతు తప్పదు. మనిషి సగమయ్యాడని విన్నాను. మిగతా సగం కూడా కావాలి నాకు.

ఆ రికార్డింగు నా కొడుక్కి వినిపించాను. వలవలా ఏడ్చి, "అమ్మా, నువ్వే దాన్ని ఒప్పించవే" అన్నాడు.

"నాకేం పనిరా? ఎవరెవరి ముందు నోరు పారేసుకున్నావో వాళ్లందర్నీ వెంటేసుకుని రా."

వచ్చాడు. చుట్టాలందర్నీ కూర్చోబెట్టి వినిపించాను. అందరూ నేల చూపులు చూశారు. నా కొడుకు పెళ్లాం ముందు చేతులు జోడించి, "తప్పయింది. నేను తిరిగొచ్చేస్తాను" అన్నాడు.

"మీరు అప్పుడే నా మాట వినుండాల్సింది. వెళ్లండి" అంది కోడలు.

"రేపు మళ్లీ రానా?"

"రండి."

వాడి ముఖం విప్పారింది.

"రేపూ ఇదే చెబుతాను" అంది.

రోజూ వస్తున్నాడు. కన్నకొడుకే, కాదనను. కాఫీ మాత్రం ఇవ్వడం లేదు.