బస్సెక్కి వెళ్ళిపోయిన కొండ

పల్నాడనగానే మీకు కత్తులు, గుర్రాలు, నెత్తుటి వాగులు గుర్తొస్తాయి గనక, వాటికేమాత్రం తగ్గని మహాగాథ ఒకటి చెబుతాను. సర్దుకుని కూర్చోండి. ఇందులో ఒక కొండ ఉంది, ఒక సైన్యం ఉంది, ఓడిపోయిన వీరుడున్నాడు. తీరా చెప్పబోతే, సైన్యమంటే గొడ్డళ్ళు పట్టుకున్న పన్నెండుమంది కూలీలు, వీరుడంటే మోకాళ్ళ నొప్పులున్న ఒక మిరపరైతు. యుద్ధం మాత్రం నిజంగానే జరుగుతోంది, కాకపోతే యూరపులో.

అది 1943. మాచర్ల దగ్గర ఒక బీటుకు ఫారెస్టు గార్డుగా కొత్తగా చేరాను. బీటంటే ఒక గార్డు కాపలా కాయవలసిన అడవి ముక్క. నాకు ఇరవై ఒక్కేళ్ళు. ఖాకీ నిక్కరు, పర్మిట్ పుస్తకం, ఒక సుత్తి ఇచ్చారు. సుత్తి తల మీద సర్కారు ముద్ర ఉంటుంది. దాంతో ఏ చెట్టు మీద ముద్ర వేస్తే ఆ చెట్టును నరకొచ్చు. అడవిని కాపాడే ఉద్యోగానికి ఇచ్చిన పనిముట్టు అదొక్కటే.

యుద్ధం మూలాన పెట్రోలుకు రేషను వచ్చింది. బస్సు వెనక పీపాలాంటి పొయ్యి బిగించి, అందులో బొగ్గు మండించి, వచ్చే గ్యాసుతో ఇంజను నడిపేవాళ్ళు. పుస్తకాల్లో దాని పేరు ప్రొడ్యూసర్ గ్యాస్. జనం బొగ్గుబస్సు అనేవాళ్ళు. బొగ్గుకు కట్టె కావాలి, కట్టెకు కొండ కావాలి. కొండలకు మాకేం కొదవ?

అడవిని ముక్కలు చేసి, ఏడాదికొక ముక్క నరకటానికి వేలం వేస్తారు. ఆ ముక్కను కూపు అంటారు. నరికిన మొద్దులు చిగిర్చి మళ్ళీ చెట్లయ్యేదాకా దాని జోలికి పోకూడదు, పక్క ముక్కలు కూడా ఒకేసారి అమ్మకూడదు అని రూలు. యుద్ధం ఆ రూలును కూడా రేషనులో పెట్టింది. నేనుండే ఊరి పైనున్న కొండంతా ఒకే ఏడు కూపుకొచ్చింది.

ఆ కొండ కింద కోటయ్య బాబాయికి రెండెకరాల మిరపతోట, ఒక మోటబావి ఉన్నాయి. చుట్టుపక్కల ఆరిళ్ళవాళ్ళు తాగేదీ ఆ బావి నీళ్ళే. ఆయన నాకు చుట్టమేం కాదు. ఆ ఊళ్ళో నాకంటే పెద్దవాళ్ళంతా బాబాయిలే. నేను చెట్లకు ముద్రలు వేస్తుంటే కర్ర పొడుచుకుంటూ పైకొచ్చాడు.

"ఏందబ్బాయ్, మొత్తం కొట్టేస్తారా?"

"చిన్న మొక్కలు వదుల్తాం బాబాయ్. వాటికింకా బస్సు నడిపే వయసు రాలేదు."

ఆయన నవ్వలేదు. "ఎకసెక్కాలకేం గానీ, ఈ కొండ గొంగడి కప్పుకొని ఉంది. వానొస్తే గొంగడి తాగుద్ది. తాగి, చుక్క చుక్క నా బావిలోకి వదుల్తది. గొంగడి లాగేశావనుకో, బోడిగుండు మీద చెంబుతో పోసినట్టే, జర్రున జారిపోద్ది. నా బావి ఎండుద్ది. ఆ తర్వాత నువ్వెన్ని ముద్రలేసినా చుక్క రాదు."

ట్రైనింగులో ఇదే సంగతి మాకు నాలుగు రోజులు చెప్పారు. ఎంత నేల మీద పడిన వాన ఒక వాగుకో బావికో చేరుతుందో, ఆ నేలంతా క్యాచ్‌మెంట్. లోపలికి ఇంకకుండా పైపైనే పారిపోయే నీరు రన్ఆఫ్. భూమిలో నీళ్ళు నిలిచి ఉండే మట్టం వాటర్ టేబుల్. నాలుగు రోజులు నల్లబల్ల మీద బొమ్మలు గీశారు, మాలో సగంమంది నిద్రపోయారు. కోటయ్య బాబాయి ఒక్క గొంగడితో తేల్చేశాడు.

"రిపోర్టు రాస్తాను బాబాయ్" అన్నాను.

"రాస్తే కొట్టరా?"

"రాస్తే, రాశామని ఉంటుంది."

రాశాను. కొండ మీంచి దిగే వాగుకు రెండు పక్కలా యాభై గజాల పట్టీ నరక్కుండా వదిలితే వాన నిదానించి ఇంకుతుందనీ, కింది బావి బతుకుతుందనీ రాశాను. రేంజరుగారు చదివి, "ఇంగ్లీషు బాగుంది, ఎవరు రాసిచ్చారు?" అని పైకి పంపారు.

జవాబొచ్చేదాకా పని ఆపమని ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇక్కడ మా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. బొగ్గుబట్టీలు వాగు పక్కనే పెడతారు, బొగ్గు ఆర్పటానికి నీళ్ళు కావాలి గనక. బట్టీకి దగ్గర చెట్లే ముందు కొడతారు, మోత తప్పుతుంది గనక. అందుకని గార్డు కూడా ముద్ర వేయటం వాగు నుంచే మొదలుపెట్టి పైకి పోతాడు. పాత గార్డు నాకలాగే నేర్పాడు, నేనలాగే చేశాను. ఏ పట్టీ వదలమని రిపోర్టు రాశానో, సరిగ్గా ఆ పట్టీకే ముందు ముద్రలు వేశాను. రాత్రి రాసిన చెయ్యి వేరు, పొద్దున సుత్తి పట్టిన చెయ్యి వేరు అన్నట్టు.

నాలుగో నెలలో జవాబొచ్చింది. పట్టీ వదలటానికి అనుమతి మంజూరైంది. కాగితం పట్టుకుని కొండెక్కాను. చదివి వినిపించటానికి మొద్దులు తప్ప ఎవరూ లేరు.

ఆ ఏడు వానలకు లోటు లేదు. మొదటి పెద్దవానకే వాగు కారం కలిపినట్టు ఎర్రగా పారింది. కొండ మీది పైమట్టి అట్లా కొట్టుకుపోవటాన్ని సాయిల్ ఎరోజన్ అంటారు. ఆ మట్టి బాబాయి బావిలో సగందాకా పేరుకుంది. ఆయన మనుషుల్ని పెట్టి తీయించాడు. మాఘమాసం వచ్చేసరికి మోట బాన అడుగు రాయిని గీకింది. కాపు మీదున్న మిరప నిలువునా ఎండింది. ఆరిళ్ళ ఆడవాళ్ళు మైలున్నర నడిచి నీళ్ళు తెచ్చుకోవటం మొదలుపెట్టారు. ఒకరోజు దారిలో బాబాయి భార్య ఆదెమ్మ పిన్ని ఎదురైంది. నెత్తిన కడవ, చంకలో బిందె.

"ఏమబ్బాయ్, నీ రిపోర్టు కడవలో పోసుకునేదేనా?"

దేనికైనా ఎదురు జోకు వేస్తాడని నాకు పేరు. ఆ రోజు పక్కకు తప్పుకుని దారిచ్చాను.

బాబాయి బావి లోతు చేయాలనుకున్నాడు. తవ్వేవాళ్ళకు కూలివ్వాలి, ఇంట్లో పంట లేదు. ఎడ్లబండి ఉన్నవాడికి ఆ ఊళ్ళో దొరికే పని ఒక్కటే, బొగ్గుబస్తాలు మాచర్లకు తోలటం. ప్రతి బండికీ పర్మిట్ రాయాల్సింది నేను. ఒక పొద్దున రూలు ప్రకారం తల వంచుకునే "పేరు?" అన్నాను. తలెత్తితే కోటయ్య బాబాయి.

"నీ కొండను నువ్వే మోస్తున్నావా బాబాయ్?"

"నేను మొయ్యకపోతే ఇంకోడు మోస్తాడు. ఆ ఇంకోడు నా బావి తవ్వడుగా. రాయి."

రాశాను. ఆ ఎండాకాలమంతా రాశాను. కొండ దిగిపోయినందుకు నీళ్ళు దిగిపోయాయి, ఆ నీళ్ళను అందుకోవటానికి ఆయన మిగిలిన కొండను దించుతున్నాడు. ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

రెండు నిలువులు తవ్వాక నాపరాయి తగిలింది, గునపం మొన వంగింది. ఒక మూల నుంచి వేలెడు ఊట వచ్చింది. ఆదెమ్మ పిన్ని దానికి పసుపూ కుంకుమా పెట్టింది. మూడు వారాలకు అదీ ఆగిపోయింది. దిగిపోయే వాటర్ టేబుల్ వెనక తవ్వుకుంటూ పోవటం, కదిలిన బస్సు వెనక పరిగెత్తటమే. డ్రైవరు అద్దంలో చూడడు.

1945 ఎండాకాలంలో, కొండ మీద బస్సుకు పనికొచ్చే కట్టె ఇక లేదనగా, రేంజ్ ఆఫీసుకు పోతూ బస్సెక్కాను. లోపల కోటయ్య బాబాయి, ఆదెమ్మ పిన్ని, ఒక ట్రంకుపెట్టె, చుట్టచుట్టిన మోటతాడు. నరసరావుపేటలో మేడలు కట్టేచోట రాళ్ళు మోసే పని దొరికిందట.

"తాడెందుకు బాబాయ్?"

"ఎడ్లను కొన్నోడు తాడొద్దన్నాడు."

దారిలో ఎత్తు తగిలింది. బస్సు నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది. "దిగండయ్యా దిగండి! ఆడోళ్ళు కూర్చోండి, మగోళ్ళు తొయ్యండి!" అని కండక్టరు అరిచాడు. బొగ్గుబస్సుకు ఇది మామూలే. అందరం దిగాం. బాబాయి పొయ్యి పక్కనే భుజం ఆనించాడు. పొయ్యి సెగకు మొహం ఎర్రబడింది. బస్సు పైన బొగ్గుబస్తాలు, ఏ కొండవో నేను అడగలేదు. బాబాయి తోస్తూనే నా వంక చూశాడు.

"అంత కొండ మింగింది గదరా అబ్బాయ్, మమ్మల్నిద్దర్ని మొయ్యలేకపోతందే!"

నా బీటులో అంతకంటే మంచి జోకు ఎవరూ వేయలేదు. నవ్వటానికి మాత్రం ఊపిరి లేదు.

ఈ కేసు ఏం నేర్పిందని అడిగితే, ఇంతే. ఆయనకు సంగతి తెలుసు, మాటలు తెలియవు. నాకు మాటలూ తెలుసు, సుత్తీ ఉంది. పైగట్టు నుంచి ముద్రలు మొదలుపెట్టి ఉంటే, కాగితం వచ్చేసరికి ఆ పట్టీ మిగిలుండేది. ఇప్పుడు నేను ఏ కూపులోనైనా పైనుంచే మొదలుపెడతాను. దానివల్ల ఆ బావిలోకి నీళ్ళేం రాలేదు. ఊరివాళ్ళు అందులో ముళ్ళకంప వేసి మూసేశారు.

అన్నట్టు, బస్సు తోసినవాళ్ళకు టికెట్టులో తగ్గింపు ఉండదు. కండక్టరును అడిగి చూశాను.