గడ్డి ఉన్న వైపు

మేం సెలవులకి ఎక్కిన ఆ ఓడ నాలుగు రేవుల్లో ఆగింది. మూడింట్లో నేను ఒడ్డున కూర్చుని తువ్వాళ్ళకి కాపలా కాశాను. నన్నెవరూ నీళ్ళల్లోకి దిగొద్దనలేదు. పర్వదినాన తప్ప సముద్రాన్ని తాకకూడదని మా నాన్నగారు చెప్పిన మాట నేను దాటలేను, అంతే. నేను బడి మొహం చూడలేదు. చదువూ, లెక్కలూ, ఇంగ్లీషూ అన్నీ ఇంట్లో ఆయన ముందు చాప మీద కూర్చుని నేర్చుకున్నవే. ఆ చదువుతోనే కెనడాలో ఇన్నేళ్ళు తలెత్తుకు తిరిగాను, దేవుడి దయ. ఆయన చెప్పినవాటిలో నాకు వీలైనవి ఉంచుకుని మిగతావి పారెయ్యడం నాకు చేతకాదు.

మార్చిలో పిల్లల సెలవుల వారంలో ఒక్క రోజు పౌర్ణమి పడింది. ఆ రోజు ఓడ ఆగేది నాలుగో రేవులో.

"అక్కా, పంచాంగం చూసి నోట్లో స్నార్కెల్ గొట్టం పెట్టుకునేదానివి ఈ భూప్రపంచంలో నువ్వొక్కదానివే," అంది మా తోడికోడలు.

మా మరిది భార్య ఆమె. మాంట్రియల్‌లో ఉంటారు. కాలేజీలో ఈతలో పతకాలు తెచ్చుకున్న మనిషి. కరీబియన్‌కి ఓడ మీద వెళ్ళడం ఆమెకది నాలుగోసారి. ఏ దీవిలో ఏ మూల మునిగితే ఏ చేప కనిపిస్తుందో కంఠతా వచ్చు. అదంతా నేను ఓర్చుకునేదాన్నే. ఓర్చుకోలేనిది ఒకటుంది. పదకొండేళ్ళ మా అమ్మాయి నేనేదన్నా అడిగితే ఇంగ్లీషులో ఒక్క ముక్క జవాబిస్తుంది. పిన్ని ఫోన్ చేస్తే గంటసేపు తెలుగులో కబుర్లు చెబుతుంది. ఆ తెలుగు నేర్పింది నేను. వంటింట్లో కూరలు తరుగుతూ, ఒక్కో మాటా ముద్దలా కలిపి నోట్లో పెట్టినట్టు నేర్పాను. వాడుక మాత్రం ఆవిడ దగ్గర.

అందుకే ఆ చలికాలమంతా నా మనసులో ఒకటే పట్టు. ఒక్క మంచి చోటు నేను వెతకాలి. మా అమ్మాయి చెయ్యి పట్టుకుని నేను తీసుకెళ్ళి చూపించాలి. పిన్ని కాదు.

ఆ ఏళ్ళల్లో టొరంటోలో, ఎటోబికోలో మా వీధి బేస్‌మెంట్లన్నీ ఇండియా నుంచి వచ్చిన కాలేజీ పిల్లలతో నిండిపోయి ఉండేవి. మా కిందా నలుగురు ఆడపిల్లలుండేవాళ్ళు. వాళ్ళల్లో ఒక నల్గొండ అమ్మాయి, ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్‌లో షిఫ్టు చేసొచ్చి కూడా, నాకు ఫోన్‌లో పైనుంచి తీసిన మ్యాపులు చూడ్డం నేర్పింది. లేత నీలంగా ఉంటే ఇసుక, ముదురు మచ్చలుంటే కింద ఏదో ఉన్నట్టు.

"ఆ ఏదో అంటే రాయా, గడ్డా?" అన్నాను.

"పైకెళ్ళి చూస్తే తెల్వదాంటీ. ఆడ ఉన్నోళ్ళని అడగాల్సిందే."

గొట్టంతో ఊపిరి తియ్యడం కూడా ఆ పిల్లే నేర్పింది, మా బాత్రూంలో బకెట్టు నిండా నీళ్ళు పోసి. నేను మొహం ముంచితే పక్కన కూర్చుని అంకెలు లెక్కపెట్టేది. "కళ్ళు అంత పెద్దగ చెయ్యకుండ్రి ఆంటీ, నాకే భయమైతుంది," అనేది. ఆ పిల్లకి వాళ్ళమ్మ పక్కన లేదు, నాకేమో నవ్వించే తోడు లేదు. ఇద్దరికీ సరిపోయేట్టు కలిపాడు దేవుడు.

మొదటి మూడు రేవుల్లో ఏం జరిగిందో చెప్పడానికేం లేదు. మా అమ్మాయీ పిన్నీ నీళ్ళల్లో. మావారూ మరిదీ గొడుగు కింద కుర్చీల్లో, అంత ఎండలో కూర్చుని టొరంటో మంచు గురించి కబుర్లు. నేను ఒడ్డున. దూరాన రెండు గొట్టాలు పక్కపక్కనే తేలుతూ కనిపించేవి. జపం చేసుకుందామని కూర్చునేదాన్ని, కళ్ళు ఆ గొట్టాల మీదే ఉండేవి. ఒకటి కాస్త ఎడమైతే నాకు సంతోషంగా ఉండేది. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

నాలుగో రేవులో పొద్దున్నే దిగాం. చిన్న సముద్రతీరం, మధ్యలో పాత చెక్క వంతెన ఒకటి నీళ్ళల్లోకి పోయి ఆగిపోయింది. దానికి రెండు వైపులా ఈతకి హద్దుగా తాళ్ళు కట్టి, ఆ తాళ్ళు దాటొద్దని బోర్డు పెట్టారు. మ్యాపులో నేను చూసిన మచ్చలు రెండు వైపులా ఉన్నాయి. కొబ్బరిబోండాలు కొడుతున్న ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్ళి, నమస్కారం పెట్టి, నా ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ కత్తి చివరతో చూపించింది. ఎడమ వైపు రాళ్ళు, బోలెడు చేపలు. కుడి వైపు ఉట్టి గడ్డి, ఏమీ లేదు.

దేవుడే చెప్పించాడనుకున్నాను. బోండాం కొనుక్కుని వెనక్కి వస్తుంటే తోడికోడలు ఎదురొచ్చింది, కాళ్ళకి రెక్కల్లాంటి ఫిన్స్ తొడుక్కుని బాతులా నడుస్తూ.

"ఏమందక్కా ఆవిడ? ఎటు బావుంటుందట?"

నేను చెయ్యెత్తి కుడివైపు చూపించాను. "అటు," అన్నాను. నా గొంతు నాకే తియ్యగా వినిపించింది.

ఆవిణ్ణి అటు పంపి, అమ్మాయిని నేను ఎడమకి తీసుకుపోదామని నా లెక్క. కానీ అమ్మాయి పిన్ని చెయ్యి పట్టుకుని అప్పటికే నీళ్ళల్లో ఉంది. పిలవడానికి నోరు తెరిచాను. పిలిస్తే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పాలి. నోరు మూసుకున్నాను.

నీళ్ళు తల మీద చల్లుకుని, కాళ్ళతో తొక్కుతున్నందుకు క్షమించమని సముద్రుడికి దణ్ణం పెట్టి, లైఫ్ జాకెట్ బిగించుకుని ఎడమవైపు దిగాను. మావారు మోకాళ్ళ లోతులో నిలబడి కాపలా కాశారు.

బోండాలావిడ చెప్పినట్టే ఉంది. పసుప్పచ్చ ఒంటి మీద నల్ల చారలున్న చేపలు గుంపులు గుంపులుగా నా చేతులు దాటుకుని పోయాయి. ఊదారంగు విసనకర్రల్లాంటివి నీళ్ళతోపాటు ఊగుతున్నాయి. ఎక్కణ్ణుంచో కటకటమని చప్పుడు, ఎవరో చేగోడీలు నములుతున్నట్టు. చూస్తే పచ్చానీలం కలిసిన పెద్ద చేప, పళ్ళతో రాయిని గీకి తింటోంది. నీళ్ళ కింద చప్పుడు వినిపిస్తుందని నాకెవరూ చెప్పలేదు. అలవాటుగా పక్కకి తిరిగాను, చూడమని చెప్పడానికి. పక్కన ఎవరూ లేరు.

ఎంతసేపున్నానో తెలియదు. తల పైకెత్తేసరికి వాళ్ళిద్దరూ ఒడ్డున పరుగెత్తుకు వస్తున్నారు.

"అమ్మా, తాబేలు. ఇంత పెద్ద తాబేలు. గడ్డి తింటోంది. మధ్యలో పైకొచ్చి ఊపిరి పీల్చుకుని మళ్ళీ వెళ్ళి తింటోంది, తాతయ్య టీవీ చూస్తూ తిన్నట్టు." తెలుగులో చెబుతోంది. నాతో. తడి ఒంటితో వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. "నువ్వు చెప్పబట్టే చూశాం."

"గడ్డి ఉన్నచోటే అవి మేస్తాయక్కా," అంది తోడికోడలు, రొప్పుతూ. "నాలుగుసార్లొచ్చాను, ఇంత దగ్గరగా నేనెప్పుడూ చూళ్ళేదు. ఎంత మంచి చోటు పట్టావు."

చలికాలమంతా నేను దేవుణ్ణి అడిగింది ఈ కౌగిలే. అబద్ధానికి ప్రతిఫలంగా ఇస్తాడని అనుకోలేదు. ఊరుకుంటే నాదే. ఒక్క నిమిషం ఊరుకున్నాను కూడా. ఆ నిమిషం ఎంత బావుందో చెప్పలేను. కానీ పొద్దున్నే సముద్రుడికి దణ్ణం పెట్టిన చేతులతో ఆ పిల్లని పట్టుకుని ఉన్నాను.

"ఆ బోండాలావిడ అటు ఏమీ లేదంది," అన్నాను. "చేపలన్నీ ఇటే ఉన్నాయంది. తెలిసే మిమ్మల్ని అటు పంపాను."

అమ్మాయి చేతులు వదిలేసింది. "వై వుడ్ యూ డూ దట్?" ఇంగ్లీషు తిరిగొచ్చింది.

"మీ పిన్నంటే నాకు అసూయ."

ఆ మాట దానికి తెలియదు. నేను నేర్పలేదు. పిన్ని వంక చూసింది. ఆవిడ నా మొహంలోకి చూసి, "జెలసీ," అని చెప్పింది. తర్వాత నాతో, "అదా సంగతి. 'అటు' అని అంత ముద్దుగా అంటే, అక్కకి నా మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అనుకున్నాను," అంది. నవ్వలేదు. ఫిన్స్‌లో చేరిన ఇసుక కడుక్కుంటూ కూర్చుంది.

మావారు వాచీ చూసి, ఓడకి వెళ్ళే బస్సుకి ఇంకో ముప్పావుగంట ఉందన్నారు, ఎవరికో చెబుతున్నట్టు.

"వేర్ ఆర్ ద ఫిష్?" అంది అమ్మాయి. నా వైపు చూడకుండానే.

"చూపిస్తాను రా," అన్నాను. అది కదల్లేదు. పిన్ని వైపు తిరిగి నిలబడింది. దాని అర్థం నాకు తెలుస్తూనే ఉంది. మింగుడుపడలేదు, అయినా మింగాను. "నువ్వూ రా చెల్లీ. నీకూ చూపిస్తాను."

"ఈసారి నిజంగానేనా?" అంది ఆవిడ. కానీ లేచింది.

ముందు నేను, వెనక వాళ్ళిద్దరూ. దారి నాకే తెలుసు, ఆ కాస్తసేపూ. కటకట చప్పుడు దగ్గరికి రాగానే ఆగి వేలుతో చూపించాను. అమ్మాయి విన్నది. గొట్టంలోంచే ఏదో అరిచింది. చెయ్యి అందుకోబోయాను. అంతలో తోడికోడలు ఊపిరి బిగబట్టి తలకిందులై కిందికి జారింది, మా అమ్మాయి ఆవిడ వెనకే. ఇద్దరూ ఆ రాళ్ళ దాకా వెళ్ళిపోయారు, పుట్టినప్పటినుంచీ అక్కడే ఉన్నట్టు. లైఫ్ జాకెట్ నన్ను పైనే పట్టుకుని ఉంది. అసూయ పోయిందని రాయను. గొట్టం నోట్లో ఉంటే దేవుణ్ణి కూడా పిలవలేం, మనసులోనే అనుకోవాలి. నాకు దక్కిందే చాలనుకున్నాను, చాలదని తెలిసి కూడా.

వాళ్ళ ఊపిరి బుడగలు పైకొచ్చి నా మొహం మీది అద్దానికి తగులుతున్నాయి. కింద మా అమ్మాయి ఒక చేపని చూపిస్తూ, నేను చూస్తున్నానో లేదోనని తలెత్తింది. చూస్తున్నానని చెయ్యి ఊపాను. పక్కనున్న పిన్ని తనకే అనుకుని తిరిగి చెయ్యి ఊపింది. సరే, ఉండనీ అనుకున్నాను.