రెండో నెంబరు తూటా

గత మంగళవారం పొద్దున ట్రామ్ డిపోలో షిఫ్టు ఎక్కిన పది నిమిషాలకు నాకు ఫోనొచ్చింది. చేసింది మన చర్చిలో మీ అందరికీ తెలిసిన అంకుల్ వాళ్ళబ్బాయి. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడడు. "డాడ్ ఈజ్ గాన్" అన్నాడు. అంకుల్ టీ పెట్టుకుందామని కెటిల్ ఆన్ చేసి కుర్చీలో కూర్చున్నారట. ఆంటీ వంటింట్లోకి వచ్చేసరికి నీళ్ళు మరిగి కెటిల్ ఆగిపోయింది, ఆయనా వెళ్ళిపోయారు. యాభై తొమ్మిదేళ్ళు.

ఆయన మాకు చుట్టం కాదు. మా వీధిలో మూడిళ్ళ అవతల ఉండేవారు. కొల్లేటి పక్క పల్లె నుంచి మెల్‌బోర్న్ వచ్చి, ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో చేరి, రోజంతా మైక్రోస్కోపు కింద రక్తకణాలు లెక్కపెట్టిన మనిషి. రెండువేల ఏడులో మేం ఈ శివారు క్రెయిగీబర్న్‌లో దిగినరోజు, సామాను ఇంకా వ్యాన్‌లో ఉండగానే, గిన్నెడు చేపల పులుసుతో వచ్చారు. ముందు తినండి, మంచాలు తర్వాత బిగించుకోవచ్చు అన్నారు. తిన్నాక స్క్రూడ్రైవరు అందుకుని ఆ మంచాలూ ఆయనే బిగించారు. నేను పక్కన నిలబడి మరలు అందించాను, అంతే.

ఆయనకు వేట పిచ్చి. చిన్నప్పుడు నాన్నగారి నాటు తుపాకీతో కొల్లేట్లో బాతుల్ని కొట్టేవారట. ఇక్కడికొచ్చాక ఏటా జూన్‌లో, ఇక్కడి చలికాలంలో, సముద్రం మధ్యనున్న ఒక ద్వీపానికి చిన్న విమానంలో వెళ్ళేవారు. అక్కడి పశువుల పొలాల్లో అడవి టర్కీ కోళ్ళు మందలు మందలుగా తిరుగుతాయి. ఆ కోళ్ళు జూలైలో మన చర్చి హాల్లో పెట్టుకునే భోజనాలకు వచ్చేవి. డిసెంబరులో ఎండకి వేడివేడి కూర ఎవరికీ సయించదు కాబట్టి, క్రిస్మస్ విందు ఒకటి జూలైలో కూడా చేసుకోవడం మనకి అలవాటైంది కదా. ఆంటీ గసగసాలూ కొబ్బరీ నూరి, రెండు కుక్కర్లలో ఉడికించి, కాళ్ళు గట్టివని ముందే అందరికీ చెప్పి మరీ వడ్డించేది. పంటికింద సీసపు గుండు తగిలినవాళ్ళు గిన్నెలు కడగాలని ఒక సరదా నియమం ఉండేది. అంకుల్ కొట్టిన కోడి తిని గిన్నెలు కడిగినవాడు నాకు తెలిసి లేడు. ఎందుకంటే ఆయన ఎప్పుడూ ఒంటికి కొట్టేవారు కాదు.

తుపాకీ లైసెన్సు తీసుకున్న కొత్తలో నేను ఆయన దగ్గర శిష్యరికం చేశాను. టర్కీ పెద్ద పక్షి కదా, పెద్ద గుళ్ళున్న తూటా కొనాలని నా లెక్క. ఆయన నవ్వారు. "పక్షి పెద్దదేనయ్యా, మనం కొట్టాల్సింది చిన్నది" అన్నారు. ఆ ఈకల మీద, రెక్కల ఎముకల మీద పడిన గుండు దాన్ని గాయపరుస్తుంది గానీ చంపదట. తలకీ మెడకీ కొడితేనే ఉన్నచోటే పడిపోతుందట. తల మన పిడికిలంత కూడా ఉండదు. కాబట్టి గుళ్ళు చిన్నవై, ఎక్కువై, దగ్గర దగ్గరగా పడాలి. తూటాల మీద నెంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది. ఆయన ఏళ్ళ తరబడి వాడింది ఐదో నెంబరు.

అంతటితో ఊరుకునేవారు కాదు. ఒకే రకం తూటా ఒక్కో తుపాకీలో ఒక్కోలా పోతుందనేవారు. అందుకని కొత్త డబ్బా కొన్నప్పుడల్లా, తెలిసినాయన పొలానికి వెళ్ళి, అట్టపెట్టె మీద గోధుమరంగు కాగితం అంటించి, దానిమీద టర్కీ తలా మెడా పెన్సిల్‌తో గీసేవారు. నలభై అంగలు కొలిచి వెనక్కొచ్చి మూడుసార్లు కాల్చేవారు. తర్వాత కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసి, బొమ్మలో పడిన చిల్లులు లెక్కపెట్టి, ల్యాబ్‌లోలాగే నాలుగు గీతలకి ఒక అడ్డగీత చొప్పున పక్కన వేసుకునేవారు. "డబ్బా మీద రాసింది నమ్మకు. కాగితం మీద పడింది నమ్ము" అనేది ఆయన మాట. రక్తం విషయంలోనూ అంతేనట. డాక్టరు ఊహించినది కాదు, స్లైడు మీద కనపడినదే నిజం.

ఇక నేను చెప్పాల్సింది చెప్పాలి. ఆయన ఉండగా ఎవరికీ చెప్పనిది.

రెండేళ్ళ కిందట ఆయన వాడే కంపెనీ తూటాలు దుకాణంలో రావడం మానేశాయి. వేరే రకాలు రెండు డబ్బాలు తెచ్చారు. ఒకటి ఐదో నెంబరు, ఇంకొకటి మందు బాగా దట్టించిన రెండో నెంబరు. ఆ శనాదివారాలు ఆయనకి ల్యాబ్‌లో డ్యూటీ పడింది. తుపాకీ, రెండు డబ్బాలూ నాకిచ్చి, కాగితం మీద చూసి ఏది బాగుందో చెప్పమన్నారు. శనివారం వాన. పైగా మా డిపోలో ఒకతని ఇంట్లో బార్బీకి, అదే మాంసం కాల్చుకు తినే విందుకి, పిలిచారు. బురదలో ఆ పొలానికి ఎవడు పోతాడనుకున్నాను. పోలేదు. ఆదివారం సాయంత్రం ఒక్కో డబ్బాలోంచి మూడేసి తూటాలు తీసి గ్యారేజీ సొరుగులో పడేశాను. వాడినట్టు కనపడాలని తుపాకీ గొట్టం నూనెతో తుడిచాను. వెళ్ళి, రెండో నెంబరు అద్భుతంగా ఉంది, తలలో పదేసి చిల్లులు పడ్డాయని చెప్పాను. నా పాత లెక్క నన్ను వదల్లేదన్నమాట.

"రెండో నెంబరా?" అన్నారు. ఒక్కసారి నా ముఖంలోకి చూశారు. "సరేలే, కాగితం చెప్పాక మనం చెప్పేదేవుంది" అన్నారు. కాగితం చూపించమని అడగలేదు. ఎవరి మాటా కాగితం చూడకుండా నమ్మని మనిషి, నా మాట నమ్మారు.

ఆ తర్వాతి వారం ఇద్దరం ద్వీపానికి వెళ్ళాం. దిగిన మర్నాడు పొద్దున కంచె పక్కన ఇద్దరం గంటసేపు బోర్లా పడుకున్నాం. పెద్ద పుంజు ఒకటి మేత మేస్తూ దగ్గరికొచ్చింది. అది మెడ ఎత్తేదాకా ఆయన ఆగారు. కాల్చారు. పుంజు పడింది. లేచింది. ఒక రెక్క నేలకి ఈడ్చుకుంటూ టీ-ట్రీ పొదల్లోకి పరిగెత్తింది. ఆ పొదల్లో ఇద్దరం మధ్యాహ్నం దాకా వెతికాం. ఒకచోట ఆకుమీద నెత్తురు చుక్క కనపడితే ఆయన మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని వేలితో తీసి చాలాసేపు చూశారు. పొలం యజమాని కుక్కని తీసుకొచ్చాడు. అయినా దొరకలేదు. "ఎక్కడో పడి మెల్లగా చచ్చిపోద్ది" అన్నారు అంకుల్. ఆపైన, "నా చెయ్యి పోయిందయ్యా" అన్నారు.

అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. విమానంలో చెబుదామనుకున్నాను, ఇంటికెళ్ళాక చెబుదామనుకున్నాను. ఆ జూలైలో మనం దుకాణపు కోళ్ళు తిన్నాం, గుర్తుందా? అంకుల్‌కి గురి తప్పిందని మీలో కొందరు ఆటపట్టించారు. నేనూ నవ్వాను.

నెల తిరక్కుండా ఆయన తుపాకీ నా పేరున రాయించి ఇచ్చేశారు. అంతటితో పోతే ఇంత బాధ ఉండేది కాదు. ఉద్యోగానికీ రాజీనామా ఇచ్చారు. పక్షి విషయంలో నమ్మలేని చేతిని, పసిపిల్లల రక్తం విషయంలో ఎలా నమ్మమంటావని నన్నే అడిగారు. పెద్ద డాక్టరు ఇంటికొచ్చి బతిమాలినా వినలేదు. ఆ ల్యాబ్ ఆయనకి ప్రాణం. మానేశాక ఎప్పుడు కనపడినా వారం పేరు మరిచిపోయినవాడిలా, ఇవాళ ఏ వారమయ్యా అని అడిగేవారు.

ఒక ఆదివారం చర్చి ఎగ్గొట్టి, ఆయన తుపాకీ, సొరుగులోని ఆ మూడు రెండో నెంబరు తూటాలూ తీసుకుని పొలానికి వెళ్ళాను. ఆయన చెప్పినట్టే తల గీశాను, నలభై అంగలు కొలిచాను, మూడు కాగితాల మీద కాల్చాను. మొదటిదాంట్లో తలలో ఒక చిల్లు. రెండోదాంట్లో ఒక్కటీ లేదు. మూడోదాంట్లో రెండు. గుళ్ళన్నీ కాగితం అంచుల్లోకి చెదిరిపోయాయి. ఆ తూటాతో ఎవరు కొట్టినా ఆ పుంజు గాయపడేదే. ఆయన చెయ్యి పోలేదు. ఆ సంగతి ప్రపంచంలో నాకొక్కడికే తెలుసు. కాగితాలు చుట్టి కారులో పెట్టుకుని ఆయన ఇంటిముందు రెండుసార్లు ఆగాను. రెండుసార్లూ ఆయన గేటు దాకా ఎదురొచ్చి, రావయ్యా, టీ తాగుదాం అన్నారు. టీ తాగి వచ్చేశాను. పిరికితనానికి ఇంకో పేరు నాకు తెలియదు.

మూడోరోజు ప్రార్థనయ్యాక, అందరూ వెళ్ళిపోయాక, ఆంటీ సింకు దగ్గర కప్పులు కడుగుతుంటే వెళ్ళి అంతా చెప్పాను. ఆమె కుళాయి కట్టేసింది. కోప్పడితే బాగుండుననిపించింది. చేతులు తుడుచుకుని, "ఈ మాట ఆయనకి చెప్పాల్సింది బాబూ. నాకు చెప్తే ఏం లాభం?" అంది.

కిటికీ వైపు చూపించింది. "రోజూ పొద్దున్నే అక్కడ నిలబడేవోరు. గ్లాసు అంచుదాకా నీళ్ళు పోసి, చెయ్యి చాపి పట్టుకుని, తొణుకుతున్నాయేమో చూడవే అని నన్ను పిలిచేవోరు. ఒక్కరోజు కూడా తొణకలేదు. తొణకట్లేదండీ అంటే, నువ్వు నా మీద జాలితో అంటున్నావనేవోరు. నా మాట నమ్మేవోరే కాదు."

ఆ కిటికీ వీధిలోకే ఉంటుంది. ఈ రెండేళ్ళూ పొద్దున పనికి పోతూ నేను ఆయన్ని అక్కడ చూస్తూనే ఉన్నాను. చేతిలో గ్లాసుతో నిలబడి ఉండేవారు. మంచినీళ్ళు తాగుతున్నారనుకుని కారులోంచి చెయ్యి ఊపేవాణ్ణి. ఆయనా ఎడమ చెయ్యి ఎత్తి ఊపేవారు. కుడిచేతిలో గ్లాసు కదిలేది కాదు.